మాట అవతలికి చేరేలా చెప్పడం: పనిలో, ఇంట్లో పనికొచ్చే సమగ్ర మార్గదర్శి

అనంతపురంలో అర్జీలు రాసిపెట్టడం నా పని. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్, అంటే అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునే కార్యక్రమం, జరుగుతుంది కాబట్టి పొద్దున్నే కూడేరు, గార్లదిన్నె, ఆత్మకూరు, రాప్తాడు వైపు నుంచి జనం బస్సులు దిగుతారు. చేతిలో ప్లాస్టిక్ కవర్, దాన్నిండా జిరాక్స్ కాగితాలు. వాళ్ళు చెప్పేది విని, ఒక్క పేజీలోకి తెచ్చి, చదివి వినిపించి సంతకం పెట్టిస్తాను.

ఈ పనిలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. మాటలు రాక ఆగిపోయే పనులు తక్కువ. చెప్పినవాళ్ళు "చెప్పేశాం" అనుకుంటారు, విన్నవాళ్ళు "అర్థమైంది" అనుకుంటారు, తీరా చూస్తే ఇద్దరి మనసులో ఉన్నది వేరువేరు. ఎక్కువ పనులు అక్కడే ఆగిపోతాయి. చెప్పినంత మాత్రాన మాట పూర్తవదు. విన్న మనిషికి ఇక తాను ఏం చేయాలో తెలిసినప్పుడే అది పూర్తయినట్టు. ఆఫీసులో మేనేజర్‌తో మాట్లాడినా, ఇంట్లో అత్తగారితో మాట్లాడినా, పొలం గట్టు మీద పక్క రైతుతో మాట్లాడినా ఇదే లెక్క.

కింద చెప్పిన మెట్లలో మొదటి నాలుగూ ప్రతి మాటకూ కావాలి. మిగతావి సందర్భం వచ్చినప్పుడు తీసి వాడుకోండి.

మొదటి మెట్టు: నోరు తెరిచే ముందు, ఎదుటివాళ్ళు ఏం చేయాలో తేల్చుకోండి

నా దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా ఇట్లా మొదలుపెడతారు:

"సార్, మా నాయన పోయి మూడేండ్లయింది. అప్పటి నుంచి మా చిన్నాయన మాతో మాట్లాడడంల్యా. భూమి మాదే సార్, తాతల కాలం నుంచి మేమే సేద్యం చేస్తాండాం. ఆఫీసుకు పోతే రేపు రా, మాపు రా అంటాండారు. పోయినేడు శెనక్కాయ గూడా ఎండిపాయ, ఇన్సూరెన్స్ పడలేదు. ఈసారన్నా న్యాయం చేయల్ల."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. ప్రతి మాట వెనకా బాధ ఉంది. కానీ ఇది ఉన్నదున్నట్టు రాసిస్తే చదివిన అధికారి చేయగలిగేది ఏమీ ఉండదు. చిన్నాయనతో మాట్లాడించాలా, పంట నష్టం ఇప్పించాలా, భూమి కొలిపించాలా? అందుకే నేను అడిగేది ఒక్కటే: "ఇదంతా విన్నాక ఆఫీసర్ నీకు ఏం చేసిపెట్టల్ల?" చాలామంది కాసేపు ఆగుతారు. అంతవరకు ఆ ప్రశ్న తమను తామే అడుక్కోలేదు. తర్వాత మెల్లగా చెబుతారు: "మా నాయన పేరు మీదుండే భూమి నా పేరు మీదికి ఎక్కియ్యల్ల సార్."

అర్జీ దొరికినట్టే. ఇక కాగితం మీదికి వచ్చేది ఇది:

"ఫలానా గ్రామం, సర్వే నంబర్ ఫలానాలో మూడెకరాల ఇరవై సెంట్ల భూమి మా నాన్నగారి పేరున ఉంది. ఆయన ఫలానా తేదీన మరణించారు. వారసుడిగా నా పేరు మీదికి మ్యుటేషన్ చేయమని ఫలానా తేదీన దరఖాస్తు ఇచ్చాను. రసీదు నంబర్ ఇది. ఇంతవరకు పూర్తి కాలేదు. దయచేసి మ్యుటేషన్ పూర్తి చేయించి పాస్ పుస్తకం ఇప్పించగలరు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దరఖాస్తు రసీదు జత చేశాను."

చిన్నాయన లేడు, ఎండిన పంట లేదు, "రేపు మాపు" లేదు. పంట బీమా సంగతికి ఇంకో కాగితం రాయాలి, అది వెళ్ళాల్సిన ఆఫీసు వేరు. ఒక కాగితంలో ఒక్క కోరిక. నాలుగు కోరికలు కలిపి రాస్తే అది నాలుగు టేబుళ్ళ మధ్య తిరుగుతూ ఉంటుంది.

ఆఫీసు మెయిల్‌కైనా, ఇంటి మాటకైనా పద్ధతి ఇదే. మాట్లాడే ముందు ఒక్క వాక్యం మనసులో పూర్తి చేసుకోండి: "నేను చెప్పడం అయిపోయాక వీళ్ళు ఫలానా పని చేయాలి." ఆ ఫలానా ఏమిటో తేలకపోతే ఇంకాసేపు ఆగండి.

ఒక్కోసారి ఆ ఫలానా "ఊరికే వినాలి" అని తేలుతుంది. అదీ మంచిదే, కాకపోతే అది కూడా పైకి చెప్పాలి. "నాకు సలహా వద్దు, కాసేపు విను చాలు" అని భార్య భర్తతో మొదటే అంటే, ఆయన ఉపాయాలు చెప్పడం మొదలుపెట్టి, ఈమె విసుక్కుని, ఇద్దరూ మూతి ముడుచుకునే రాత్రి ఒకటి తప్పుతుంది.

రెండో మెట్టు: అసలు మాట ముందు, కథ తర్వాత

"సార్, రేపు నాకు సెలవు కావాలి. పాపను ఆస్పత్రిలో చూపించాలి. రేపటి బిల్లులు ఈరోజే పూర్తి చేసి వెళ్తాను." మూడు వాక్యాల్లో అయిపోయింది. పాపకు జ్వరం మొదలైన రోజు నుంచి చెప్పుకొస్తే వినే మనిషికి టెన్షన్ పట్టుకుంటుంది. అప్పు అడుగుతాడేమో, ఉద్యోగం మానేస్తాడేమో అని లోపల లెక్కలేసుకుంటూ సగం మాటలు వినడు.

మా సీమ పల్లెల్లో ఒక్క మినహాయింపు ఉంది. పెద్దవాళ్ళ దగ్గర నేరుగా పని మాట ఎత్తకూడదు. "బాగుండావా పెద్దమ్మా, మీ పక్క వాన పడిందా?" అని అడిగి, ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి, అప్పుడు రావాలి పని దగ్గరికి. లేకపోతే "ఏమప్పా, పనుంటేనే గుర్తొస్తామా?" అనిపించుకోవాల్సి వస్తుంది. ఆ పలకరింపును దండగ అనుకోవద్దు, దాంతోనే తలుపు తెరుచుకుంటుంది. కాకపోతే తలుపు తెరిచాక గుమ్మంలోనే గంటసేపు నిలబడకండి.

మూడో మెట్టు: వినడం

దీన్ని మొదటి మెట్టుగా పెట్టాల్సిందని కొందరు అంటారు. మనకు ఏం కావాలో తేల్చుకోకుండా వినడానికి కూర్చుంటే ఎదుటివాళ్ళ మాటల్లో కొట్టుకుపోతాం కాబట్టి నేను మూడోది చేశాను. విలువలో మాత్రం ఇదే పెద్దది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీకి అప్పగించాక ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా ఉన్నాడు, అనంతపురమే ఆయన కేంద్రం. వచ్చింది పన్ను వసూలుకే, అందులో సందేహం లేదు. అయినా గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగి రైతులతో నేరుగా మాట్లాడేవాడు. రైతుతో సర్కారే నేరుగా లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతిని ఈ నేల మీద నిలబెట్టింది ఆయనే. పన్ను వేసిన మనిషి పేరునే తర్వాత ఇక్కడివాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. మన ఊరికి వచ్చి మన మాట విన్న అధికారిని జనం ఎంతకాలం గుర్తుపెట్టుకుంటారో దాన్నిబట్టి తెలుస్తుంది.

వినడానికి నేను పాటించే పద్ధతి చెబుతాను. ఎదుటివాళ్ళు ఆగగానే అందుకోకండి. నాలుగైదు సెకన్లు ఊరికే ఉండండి. మొదటి విడతలో జనం ఇంట్లో అనుకుని వచ్చిన మాటలు చెబుతారు. ఆ కాస్త నిశ్శబ్దం తర్వాత వచ్చేదే చాలాసార్లు అసలు మాట. నా దగ్గర కాగితాలన్నీ సర్దుకుని లేవబోతూ "ఇంగొకటి సార్..." అంటారే, పెన్ను మళ్ళీ తీయాల్సింది అప్పుడే. భూమి గురించి అరగంట చెప్పిన అవ్వ, లేవబోయే ముందు "కొడుకు అన్నం పెట్టడంల్యా" అంటుంది. ఆమెకు రాయాల్సిన అర్జీ అది. వయసైన తల్లిదండ్రులను చూసుకోని పిల్లల మీద పోషణ కోసం ఆర్డీఓ దగ్గర అడగడానికి 2007 చట్టం ఉంది. ఆమె బస్సెక్కి వచ్చింది నిజానికి దాని కోసమే. పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడి భూమి మాట ముందు పెట్టింది.

రెండోది, "ఎందుకు" అనే ప్రశ్నను తగ్గించండి. "ఎందుకు లేటయింది?" అంటే నిలదీసినట్టు ఉంటుంది, సాకు బయటికొస్తుంది. "ఏం జరిగింది?" అంటే జరిగింది బయటికొస్తుంది. "తర్వాత?", "ఎప్పటి నుంచి?", "అప్పుడు ఎవరెవరున్నారు?" ఇట్లాంటి చిన్న ప్రశ్నలు మనిషిని దారిలో పెడతాయి.

మూడోది, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. "అంటే డబ్బు పోయినందుకు కాదు, అందరి ముందూ అన్నాడనేదే నీ బాధ, అంతేనా?" అని అడిగి చూడండి. నిజమైతే మనిషి భుజాలు దిగుతాయి. కాకపోతే "లేదు లేదు, అది కాదు" అని వాళ్ళే సరిచేస్తారు. రెండిట్లో ఏది జరిగినా మీకు లాభమే.

ఫోన్ జేబులో పెట్టుకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

నాలుగో మెట్టు: "సరే" అన్నారని వదిలేయకండి

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయంలో, పొగమంచులో, ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది మాటల తేడా. ఒక విమానం నుంచి "టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నట్టు మాట వచ్చింది. అప్పటికే పరుగు మొదలైంది. కంట్రోల్ టవర్‌లోని మనిషి, అనుమతి కోసం ఆగి ఉన్నారనుకుని "ఓకే" అన్నాడు. వెంటనే "ఆగండి, నేను పిలుస్తాను" అని కూడా అన్నాడు కానీ, అదే క్షణంలో రెండో విమానం నుంచి కూడా మాట రావడంతో రేడియోలో ఆ ముక్క సరిగ్గా వినపడలేదు. ఆ ప్రమాదం తర్వాత విమానయానంలో మాట్లాడే పద్ధతులే బిగించారు. ముఖ్యమైన అనుమతికి "ఓకే" అంటే చాలదు, విన్నదాన్ని తిరిగి చెప్పాలి. "టేకాఫ్" అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదు.

అంత దూరం పోనక్కర్లేదు. మన గుంతకల్లు డివిజన్‌లో పనిచేసే రైల్వేవాళ్ళను అడగండి. లెవెల్ క్రాసింగ్ గేటు వేశానని గేట్‌మన్ ఫోన్‌లో చెప్పేటప్పుడు, "వేశాను సార్" అంటే సరిపోదు. తన దగ్గరున్న షీట్‌లోంచి ఒక ప్రైవేట్ నంబర్ చెబుతాడు. స్టేషన్ మాస్టర్ దాన్ని రాసుకుంటాడు. పక్కపక్క స్టేషన్ల మధ్య బండిని వదిలే విషయంలో కూడా ఈ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. "సరే" అనే మాట అలవాటుగా ఎవరి నోటినుంచైనా వచ్చేస్తుంది. నంబర్ చెప్పాలంటే మాత్రం షీట్ చూడాలి, మనసు అక్కడ పెట్టాలి.

మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో "సరే" ఎన్ని రకాలో ఆలోచించండి. అర్థమైందని సరే. అర్థం కాలేదని చెప్పుకోలేక సరే. వద్దనడానికి మొహమాటపడి సరే. ఇక వదిలెయ్ అని సరే. పెద్దాయన ముందు నోరెత్తలేక "సరే సార్". వీటిలో మనకు పనికొచ్చేది మొదటిదొక్కటే, కానీ చెవికి అన్నీ ఒకేలా వినపడతాయి.

అందుకే చెప్పినదాన్ని తిరిగి చెప్పించుకోండి. దీన్ని అవమానం లేకుండా చేసే నేర్పు ఒకటుంది: భారం మీ మీద వేసుకోవాలి. "నీకు అర్థమైందా?" అనకండి. ఆ ప్రశ్నకు లోకంలో ఎవరైనా అవుననే అంటారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో, ఒకసారి నువ్వు చెప్పన్నా" అనండి. ఆస్పత్రుల్లో మంచి నర్సమ్మలు ఇట్లాగే అడుగుతారు: "ఇంటికి పోయినాక ఈ మాత్ర ఎప్పుడు వేస్తావవ్వా?" "పొద్దున ఒకటి, రేత్రికి ఒకటి." "అన్నం ముందా, తిన్నాకనా?" అవ్వ ఆగిపోతుంది. తేడా ఎక్కడుందో దొరికింది, ఇంటికి పోకముందే దొరికింది.

వినేవైపు మీరుంటే ఎవరూ అడక్కపోయినా తిరిగి చెప్పండి. "శుక్రవారం సాయంత్రానికి, రెండు కాపీలు, ఒకటి మీకు, ఒకటి ఆడిట్‌కు. అంతే కదా సార్?" పది సెకన్ల పని. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇది చేస్తే తెలివితక్కువ అనుకుంటారేమోనని భయపడతారు. పైవాళ్ళ దృష్టిలో మాత్రం అది శ్రద్ధ.

ఐదో మెట్టు: అంకె, తేదీ, పేరు

మా జిల్లాలో బోర్ల మీద బతికే ఊళ్ళు ఎన్నో. బోరు వేసే బండి, అదే రిగ్, ఎప్పుడు దొరికితే అప్పుడే రావాలి, ఒక్కోసారి అర్ధరాత్రి. ఫోన్‌లో మాట ఇట్లా జరుగుతుంది: "రేటెంతన్నా?" "అందరికీ ఉండేదే అన్నా, మామూలు రేటే." తెల్లారేసరికి గొడవ. ఎందుకంటే అడుగు రేటు మొదటి కొన్ని వందల అడుగుల వరకు ఒకటి, లోతుకు పోయేకొద్దీ పెరుగుతూ పోతుంది. కేసింగ్ పైపు లెక్క వేరు. నీళ్ళు పడకపోయినా తోలిన అడుగులకు డబ్బు కట్టాలి. బండివాడి దృష్టిలో ఇదంతా "మామూలు". రైతు మనసులో మామూలంటే పోయినసారి పక్కింటాయన కట్టిన మొత్తం.

రిగ్ దిగకముందే అడగాల్సినవి: అడుగు ఎంత, ఎన్ని అడుగుల దాకా ఆ రేటు, అది దాటితే ప్రతి వందకు ఎంత పెరుగుతుంది, కేసింగ్ అడుగు ఎంత, ఎన్ని అడుగులకు పోయాక నన్ను అడిగి ఆపుతావు. ఆఖరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. బోరు ఆపమని చెప్పాల్సింది ఎవరో ముందే తేలకపోతే అప్పు కూడా ఆ గుంత లోతుకే పోతుంది.

పని చోట "కొంచెం", "తొందరగా", "ఒకటి రెండు రోజుల్లో" వినపడిన ప్రతిసారీ ఆగి అంకె అడగండి. మీ నోటినుంచి వచ్చినప్పుడు మీరే సరిదిద్దుకోండి. అన్నిటికంటే ప్రమాదకరమైంది "మనోళ్ళు చూసుకుంటారు". మీటింగ్‌లో "ఎవరన్నా ఒకరు కాంట్రాక్టర్‌కు ఫోన్ చేయండి" అంటే అందరూ తలూపుతారు, ఎవరూ చేయరు. ఒక మనిషి వైపు తిరిగి, పేరు పెట్టి, ఎన్ని గంటలకో అడగాలి.

ఆరో మెట్టు: ఒప్పుకున్నది రాసిపెట్టుకోండి

1937 నవంబర్ 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో, కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే సీమకు ఏమేం దక్కాలో అందులో ఉంది: అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, నదీజలాల్లో మొదటి ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టుల్లో సీమ కోరుకున్నది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, ఆ వాదనకు బలం ఇచ్చింది పదహారేళ్ళ కిందటి ఆ కాగితమే. అందులోని అన్ని మాటలూ నెరవేరలేదు, నీళ్ళ సంగతి నేటికీ మనకు నొప్పే. అయినా ఇప్పటికీ ఎవరైనా సీమకు రావాల్సింది అడగాలంటే వేలు పెట్టి చూపించడానికి ఒక కాగితం ఉంది. ఉత్త నోటిమాటగా మిగిలి ఉంటే, ఆ గదిలో కూర్చున్న పెద్దలతోనే పోయేది.

మన స్థాయిలో దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఫోన్ పెట్టేయగానే ఒక వాట్సాప్ మెసేజ్: "అన్నా, ఇప్పుడు మాట్లాడుకున్నట్టు: అడ్వాన్స్ పదివేలు ఈరోజు. మిగతాది పని అయ్యాక. పని ఈ నెల 20 లోపు. తేడా ఉంటే చెప్పండి." ఆ ఆఖరి మూడు మాటలూ వదలకండి. అవి లేకపోతే ఆర్డర్ వేసినట్టు ఉంటుంది, ఉంటే ఇద్దరూ కలిసి రాసుకున్నట్టు ఉంటుంది. అన్నదమ్ముల మధ్య, బావామరుదుల మధ్య అయితే "కాగితం ఎందుకు, నమ్మకం లేదా?" అనే మాట వస్తుంది. "నమ్మకం ఉంది కాబట్టే, రేపు మన పిల్లలకు అనుమానం రాకుండా" అని చెప్పండి.

వాట్సాప్ గురించి ఇంకో రెండు ముక్కలు. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టి అందులో మూడో నిమిషంలో బ్యాంకు ఖాతా నంబర్ చెప్పకండి. ఒక మనిషిని ఉద్దేశించిన మందలింపు గ్రూపులో ఎప్పుడూ వద్దు. కోపంగా టైప్ చేసింది పంపకుండా ఉంచండి, అన్నం తిని వచ్చి చదవండి.

ఏడో మెట్టు: కాదని చెప్పడం

మనకు కష్టమైన పని ఇది. "చూద్దాంలే", "కనుక్కుంటా", "వీలైతే వస్తా" అంటూ నాన్చుతాం. ఎదుటివాళ్ళను నొప్పించకూడదనే మంచి మనసే దీనికి కారణం. కానీ "చూద్దాంలే" విన్న మనిషి ఇంటికి పోయి "మనోడు చూస్తానన్నాడు" అని చెబుతాడు. ఇంకో చోట అడగడం మానేస్తాడు. కాలేజీ ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజు ఫోన్ చేస్తాడు, మీరు ఎత్తరు. మొదటిరోజు కాదంటే కలిగే నొప్పి దీని ముందు ఏపాటిది?

"మామా, ఈ నెల నా దగ్గర లేవు, ఇవ్వలేను. నన్ను నమ్ముకుని ఆగొద్దని ఇప్పుడే చెప్తాండా. ఎడ్యుకేషన్ లోన్‌కు పోతామంటే కాగితాలు నేను రాసిస్తా, బ్యాంకుకు నీతో వస్తా." కాదన్న మాట మొదటే, స్పష్టంగా వచ్చింది. కారణం ఒక్క ముక్కలో అయింది. చేయగలిగిందేదో చివర చెప్పాడు, అదీ నిజంగా చేయగలిగిందే. లేని కారణాలు అల్లకండి. మన ఊళ్ళల్లో అబద్ధం సాయంత్రానికల్లా ఇంటికొస్తుంది.

పై అధికారికి కాదని చెప్పడం వేరే రకం. అక్కడ ఎంచుకునే పని ఆయనకు ఇవ్వండి. "రెండూ ఈరోజే అంటే కుదరదు సార్. ఏది ముందు కావాలో చెప్పండి, అది ఐదు గంటలకు ఇస్తాను. రెండోది రేపు మధ్యాహ్నానికి."

ఎనిమిదో మెట్టు: తప్పు చూపించడం, చెడ్డ కబురు చెప్పడం

ధర్మవరంలో మగ్గం మీద నేసిన చీర షావుకారు దగ్గరికి వస్తుంది. అంచులో ఒకచోట తేడా ఉంది. "నీకు పని మీద ధ్యాస లేదు" అంటే నేసినాయన తల దించుకుని పోతాడు, వచ్చే చీరలో ఏం మార్చాలో తెలియదు. "ఇదిగో, ఈ మూర దగ్గర అంచు పోగు తప్పింది చూడు" అని వేలు పెట్టి చూపిస్తే, తానే "అవునప్పా, ఆ పొద్దు కరెంటు లేదు, వెలుతురు సాల్లేదు" అంటాడు. మాట్లాడుకోవాల్సిన సంగతి వెలుతురు అని అప్పుడు తెలుస్తుంది. మనిషిని వదిలి పనిని పట్టుకోవాలి. ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాలి, జరిగిన రోజే చెప్పాలి, పాతవి తవ్వకూడదు. మెచ్చుకోవడం మాత్రం పదిమందిలోనే చేయండి, అక్కడా ఏ పని నచ్చిందో చెప్పండి.

చెడ్డ కబురు డొంకతిరుగుడుగా చెప్పకండి. గొంతు మెత్తగా, మాట నేరుగా ఉండాలి. వాళ్ళ పక్కన ఎవరైనా ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. చెప్పాక లైన్‌లోనే ఉండండి. అప్పుడు మీరు మాట్లాడాల్సింది పెద్దగా ఉండదు.

తొమ్మిదో మెట్టు: కోపంలో

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఈ సామెత అందరికీ వచ్చు, కోపంలో ఎవరికీ గుర్తురాదు. కాబట్టి గుర్తుంచుకోవడం మీద ఆధారపడకుండా ఒక అలవాటు చేసుకోవాలి. "ఎప్పుడూ", "ఒక్కసారన్నా", "మీవాళ్ళంతా" అనే మూడు మాటలు నోట్లోంచి వస్తున్నాయంటే అక్కడితో ఆపడం. "నువ్వెప్పుడూ ఇంతే" అన్నాక ఎదుటి మనిషికి మిగిలే పని, అట్లా కాని రోజులు వెతికి చూపించడమే. గొడవ జరిగిన సంగతి పక్కకు పోతుంది.

ఆపడం అంటే మూగగా లేచిపోవడం కాదు, అది ఇంకో రకం దెబ్బ. "ఇప్పుడు మాట్లాడితే మాట తూలుతాను. సాయంత్రం కూర్చుని మాట్లాడదాం" అని చెప్పి లేవాలి. సాయంత్రం అయ్యాక, వాళ్ళు గుర్తు చేసేదాకా ఆగకుండా మీరే కూర్చోవాలి. ఈ రెండో సగం తప్పిందంటే మొదటి సగాన్ని ఇంకెవరూ నమ్మరు.

పదో మెట్టు: వేరే యాస, వేరే భాష

మడకశిర, రాయదుర్గం వైపు ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళున్నారు. కదిరి, గుత్తి లాంటి చోట్ల ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. మన పిల్లలు హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. ఎదుటివాళ్ళకు తెలుగు తక్కువ వస్తే గొంతు పెంచకండి, వాక్యం చిన్నది చేయండి. ఇక మన యాస విని ఎవరైనా నవ్వితే మాట్లాడటం మానేయకండి. "పోవల్ల, చేయల్ల" అన్నంత మాత్రాన మాటలో విషయం తగ్గదు. అంకె, తేదీ, పేరు సరిగ్గా ఉంటే ఏ యాసలోనైనా పని జరుగుతుంది.

ఆఖరి మెట్టు: మళ్ళీ అడగడం

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఒకసారి అడిగి ఊరుకుంటే ఆఫీసు కూడా పెట్టదు. అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, ఇంటికి పోయి నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళను చాలామందిని చూస్తుంటాను. "మళ్ళీ పోతే విసుక్కుంటారేమో సార్" అంటారు. ఇచ్చిన మాటను గుర్తు చేస్తే ఎవరినీ అవమానించినట్టు కాదు. చేసే తీరు మాత్రం ఉంది.

"నా పని ఏమైంది?" అని వెళ్ళకండి. ఆ ప్రశ్నకు "జరుగుతోంది" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రసీదు ముందు పెట్టి, "ఈ తేదీన ఇచ్చాను సార్. ఇది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?" అని అడగండి. దానికి ఒక పేరో, ఒక సెక్షనో చెప్పక తప్పదు. అది రాసుకోండి. "వాళ్ళ దగ్గర ఇంకా ఏ కాగితం కావాల్సి ఉంది? నేను మళ్ళీ ఎప్పుడు రావాలి?" అని అడిగి, వాళ్ళు చెప్పిన తేదీ రసీదు వెనకాల వాళ్ళ ముందే రాయండి. ఆఫీసులో మీ సహోద్యోగి దగ్గరైనా, అప్పు తీసుకున్న బంధువు దగ్గరైనా ఇవే ప్రశ్నలు కాస్త మెత్తగా పనికొస్తాయి. వెళ్ళేటప్పుడు చేతిలో రసీదు జిరాక్స్ పట్టుకోండి, ఒరిజినల్ ఇంట్లో పెట్టుకోండి.